బోరు ఎట్లుండాది?

మా బోరు మూతికి కట్టిన గోనెపట్ట మీది ముడి నేను వేసింది కాదు. పొద్దున్నే మోటారు వేయడానికి స్టార్టరు డబ్బా దగ్గరికి పోతూ ఒక్క చూపులో కనిపెట్టేశాను. నాది ఎడమచేతి వాటం. నేను ముడి వేస్తే కొస ఎడమపక్కకు పోతుంది. ఈ చేతి కోసం చిన్నప్పుడు మా అమ్మ ఎన్ని దెబ్బలు వేసిందో, పెళ్లయ్యాక మా అత్త ఎన్నిసార్లు మూతి తిప్పిందో లెక్క లేదు. ఆ రోజు మాత్రం నా ఎడమచేతికి నేనే దండం పెట్టుకోవాలనిపించింది. ముడి కొస కుడిపక్కకు ఉంది. ఎవరో విప్పి, మళ్లీ జాగ్రత్తగా కట్టారు.

గాలికి ఊడిపోయినా, మేక లాగినా మళ్లీ కట్టి ఉండదు గదా. మనిషి చెయ్యి పడింది. పడినట్టు తెలియకూడదనుకున్న మనిషి చెయ్యి.

నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు పోసే పాలను గోటి మీద బొట్టు వేసి చూసుకుంటే గాని గిన్నె పట్టను. టీవీలో వాన వస్తుందని చెప్పిన రోజు పనిగట్టుకుని దుప్పట్లు ఉతికి ఆరేస్తాను. అవి ఇంతవరకూ తడిసింది లేదు. "అనుమానం పెనుభూతమమ్మీ, నిన్ను పట్టుకోనుండాది" అని మా అత్త అంటూనే ఉంటుంది. కంబదూరు చుట్టుపక్కల మెట్ట పొలం పెట్టుకుని అనుమానం లేకుండా బతికిన మనిషిని ఒక్కరిని చూపించమంటాను నేను. ఆమె మాట మార్చేస్తుంది.

మాకున్నది ఆ ఒక్క బోరు. దాని మీద చీనీ తోట, కోస్తావాళ్లు బత్తాయి అంటారే, అది. మిగతా పొలమంతా వానకు వదిలేసిన వేరుశనగ చేను. మా ఆయన బస్సు నడుపుతాడు, డ్యూటీలు తిరిగి తిరిగి ఇంటికి వచ్చేది ఎప్పుడో. కాబట్టి బోరు, తోట, అత్త, ఇంటర్ రెండో ఏడు చదివే కూతురు అన్నీ నా నెత్తినే. చీనీ చెట్లు కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది. ఆ కాయలు అమ్మి కూతురిని అనంతపురంలో డిగ్రీ చదివించాలని నా ఆశ. బోరు పోతే చెట్లు పోతాయి, చెట్లు పోతే ఆమె చదువు పోతుంది. నా ప్రాణమంతా ఆ గోనెపట్ట కింద ఉందంటే అబద్ధం కాదు.

ముడి మారిన రోజే నా అనుమానం ఎవరి మీదికి పోవాలో వాళ్ల మీదికి పోయింది. మా పక్క పొలం మా మరిదిది. మరిది అంటే మా ఆయన చిన్నాయన కొడుకు. ఇద్దరి పొలాల మధ్య గట్టు ఉంది, ఆ గట్టు గురించి ఒక తగాదా ఉంది. గట్టు ఏ ఏడాదికి ఆ ఏడాది మా వైపు జరుగుతోందని నేనంటాను. గట్టుకు కాళ్లున్నాయా వదినా అని అతనంటాడు. అతని బోరు కూడా మా బోరుకు కూతవేటు దూరంలోనే. ఒకే రాతి పొర కింద రెండు మోటార్లు గుంజుతుంటే, ఒకరికి ఎక్కువ వచ్చిందంటే ఇంకొకరికి తగ్గినట్టే. అతని మోటారు చప్పుడు రోజూ పొద్దున వింటాను. అది మోగుతుంటే నా కడుపు మండుతుంది.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరు ఎవరికి ఎదురుపడినా మొదటి పలకరింపు "బోరు ఎట్లుండాది?" అనే. జవాబు ఎప్పుడూ "బాగుండాది" అనే. నీళ్లు తగ్గాయని నోటితో అంటే గంగమ్మకు కోపం వస్తుందని పెద్దవాళ్ల మాట. గంగమ్మ సంగతి అట్లా ఉంచితే, బోరు అయిపోవచ్చిందని తెలిస్తే కాయల వ్యాపారి అదే సందని రేటు తగ్గిస్తాడు. పక్కపొలంవాడు పైకి అయ్యో అని, లోపల ఇంకో బోరు ఎక్కడ వేయాలా అని చూసుకుంటాడు. అందుకని పొద్దున బాగుండాది అన్నవాడే సాయంత్రం చెట్లు కొట్టించి కట్టెల బండికి ఎత్తిస్తాడు. మళ్లీ ఎవరూ ఏమీ అడగరు. నేనూ అంతే. మా బోరు నీళ్లు నెల నుంచి తోటలో పైభాగానికే సరిపోతున్నా, ఎవరడిగినా బాగుండాది అనే అన్నాను. ఇంట్లో కూడా అదే మాట. మా ఆయన వచ్చినప్పుడు ఇద్దరం పెరట్లోకి పోయి గుసగుసగా మాట్లాడుకునేవాళ్లం. "పాపకు చెప్పద్దు, సదువు చెడతాది" అనేవాడు.

పాప సంగతి కూడా నాకు అప్పటికే అనుమానంగా ఉంది. పొలం పేరు చెబితే మొహం ముడుచుకునే పిల్ల, ఉన్నట్టుండి "మోటారు నేను ఏసొస్తాలేమ్మా" అంటూ కాలేజీ బస్సుకు ముందే పొలానికి పోవడం మొదలుపెట్టింది. ఒక్కోసారి సాయంత్రం బస్సు దిగి నేరుగా పొలం మీదుగా వచ్చేది. చేతిలో ఎప్పుడూ ఫోను. మా ఇంట్లో సిగ్నలు సరిగా అందదు, పొలం గట్టెక్కితే బాగా అందుతుంది. పదిహేడేళ్ల ఆడపిల్ల సిగ్నలు కోసం గట్టెక్కుతోందంటే ఏ తల్లికైనా ఏమనిపిస్తుంది? నేను నిద్రపోతున్నట్టు పడుకుని ఆమె ఫోను చూస్తుంటే ఓరకంట చూసేదాన్ని. అబ్బాయి మొహం ఒక్కటీ కనపడలేదు. ఎండిపోయిన చెరువులు, మండుతున్న అడవులు, ఎక్కడో బిందెలతో బారులు తీరిన జనం. ఇదేదో అబ్బాయి పంపే వీడియోలేమో అనుకున్నాను. ప్రేమ సంగతులు పంపాల్సిన చోట ఎండిన చెరువులు పంపే అబ్బాయి ఉంటాడా అని కూడా ఆలోచించలేదు.

అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేది. స్నానానికి సగం బకెట్టు నీళ్లు పట్టుకునేది. తల సరిగా తడవక జుట్టు అట్టలు కట్టింది. అత్త గొణిగితే "సాల్లే అవ్వా" అనేది. ఒకరోజు నన్నే నేరుగా అడిగింది.

"అమ్మా, మన బోరు ఎట్లుండాది?"

"బాగుండాది. నీకెందుకు, నువ్వు సదువుకోపో."

నా మొహంలోకి అట్లాగే చూసింది. నేను కూరగాయలు తరుగుతూ తల ఎత్తలేదు.

కొన్నాళ్లకు కళ్యాణదుర్గం కాలేజీ నుంచి ఒక లెక్చరరమ్మ ఫోన్ చేసి ఒకసారి రమ్మంది. కాలేజీ నుంచి పిలుపు వస్తే నాలాంటి దానికి తట్టేది ఒకటే. బస్సులో దారిపొడవునా ఆ అబ్బాయి ఎట్లుంటాడో, ఏ ఊరివాడో, వాళ్లమ్మను ఏమని తిట్టాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను. తీరా పోతే అబ్బాయి లేడు.

"మీ అమ్మాయి క్లాసులో ఉంటుంది గాని ఉండదండీ" అంది ఆమె. "పదేళ్ల తర్వాత మీ ఊరు ఎట్లా ఉంటుందో చెప్పండని పిల్లలను అడిగాను. మీ అమ్మాయి లేచి, అప్పటికి ఊరుంటుందా మేడమ్ అని కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. అదే నాకు భయమేసింది."

"నవ్వడానికేముందమ్మా అందులో" అన్నాను.

"అదేనండీ. ఈ ఏడు ఇట్లాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. ఎండలు పెరుగుతున్నాయని, నీళ్లు దిగిపోతున్నాయని పుస్తకం చెబుతోంది, ఫోను చెబుతోంది. ఇంట్లో మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. భయపడొద్దని ఊరికే అనకండి. అడిగింది దాచకుండా చెప్పండి. చేతనైన పనిలో చెయ్యి వేయనివ్వండి. ఒంటరిగా ఆలోచించుకోనివ్వకండి."

నేను తల ఊపాను గాని ఒక్క మాట నమ్మలేదు. నెల తిరిగేసరికి జీతం వచ్చే మనిషి, బోర్ల సంగతి ఈమెకేం తెలుసు అనుకున్నాను. పిల్లకు దిగులు పుట్టించిందే ఈ పాఠాలేమో, ఇప్పుడు తప్పు మా మీదికి నెడుతోందేమో అని కూడా అనుకున్నాను. వానలు లేక మా నాయన దిగులు పడ్డాడు, మా తాత దిగులు పడ్డాడు. వాళ్లనెవరూ కాలేజీకి పిలిపించి మాట్లాడలేదు. ఇంటికి వచ్చి కూతురికి నిమ్మకాయ దిగదుడిచి వీధిలో పారేశాను. ఆమె అట్లాగే నిలబడింది. ఆ నిలబడటం చూస్తే నాకే ఏడుపొచ్చింది, ఎందుకో తెలియలేదు.

ఆ వారంలోనే మోటారు కాలింది.

మోటారు ఎత్తే బండివాళ్లు గుమ్మఘట్ట వైపు నుంచి వచ్చారు. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడతారు. గొలుసు తగిలించి పైపులు లాగడం మొదలుపెట్టారు. కొంత దూరం బాగానే వచ్చింది. తర్వాత గట్టిగా పట్టేసింది. పైకి రాదు, కిందికి దిగదు. బండివాడు గొలుసు మీద చెయ్యి పెట్టి చూసి, నా వైపు తిరిగాడు.

"రాయి పడిండాదక్కా. మోటారుకి, గోడకి నడుమ ఇరుక్కోనుండాది. ఎవరో ఏసిండారు."

"తనంతట తాను పడుండదా?"

"గోనెపట్ట కట్టింటే ఎట్ల పడతాది? ఇంకా గుంజితే పైపు తెగుతాది. తెగితే మీ బోరు మర్సిపోవాల. నీకు ధైర్యం ఉంటే చెప్పు, గుంజుతాం."

నాకు ధైర్యం లేదు. వాళ్లు సామాను సర్దుకుని పోయారు. ఎండ దంచుతోంది. చీనీ చెట్లు అప్పటికే ఆకులు ముడుచుకుంటున్నాయి. స్టార్టరు డబ్బా కంబం మొదట్లో కూలబడితే, గడ్డిలో చేతికి రాళ్లు తగిలాయి. తెల్లటి పలుగురాళ్లు, గోలీలంతవి, నున్నటివి, ఏరి ఏరి కుప్ప పోసినవి. మా మరిది పొలం నిండా పలుగురాళ్లే. ఇంకేం కావాలి నాకు.

కొంగులో పోసుకుని ఇంటికి తెచ్చి అత్త ముందు కుమ్మరించాను. ఆమె ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"ఇంత నున్నంగా ఏరినారు, ఐదురాళ్లాట ఆడేకి ఆడపిల్లోళ్లు ఏరినట్ల. మగోడికి ఇంత ఓపిక యాడుంటాదమ్మీ?"

"బోరు పూడ్చేవానికి ఎంతైనా ఉంటాది" అన్నాను. నా కూతురు గడప దగ్గర పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని నిలబడి ఉంది. రాళ్లను చూసింది, నన్ను చూసింది. మొహం పాలిపోయింది. తోట పోతుందని భయపడింది పాపం అనుకున్నాను.

సాయంత్రం మా మరిది ఇంటి ముందుకు పోయి నోటికి వచ్చినట్టు అడిగాను. ఊరంతా విన్నది. అతను చేతిలో అన్నం పళ్లెంతోనే బయటికి వచ్చాడు.

"ఏం వదినా, పిచ్చా నీకి? నీ బోర్లో రాళ్లేస్తే నాకేం వస్తాది?"

"నా నీళ్లు నీకొస్తాయి."

"నేను వేయలేదు."

"అట్లయితే మంగళవారం మారెమ్మ ముందర కర్పూరం ఆర్పు."

అతని భార్య లోపలినుంచి "వద్దు" అని ఏడుపుగొంతుతో అంది. మా ఊళ్లో అది చిన్న విషయం కాదు. తడిబట్టలతో మారెమ్మ గుడి ముందు నిలబడి, మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయాలి. అబద్ధమైతే ఇంటిమీదికి వస్తుందని నమ్మకం. నిజం చెప్పేవాళ్లు కూడా భయపడతారు, ఎందుకంటే తర్వాత ఏడాదిలో ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఊరు ఆ కర్పూరాన్నే గుర్తు చేస్తుంది. అతనికి పాలు తాగే బిడ్డ ఉంది. అతను పళ్లెం అరుగు మీద పెట్టి, "ఆర్పుతాలే" అన్నాడు.

మంగళవారం దాకా నా కూతురు ఇంట్లో మాట్లాడలేదు. కాలేజీకి పోలేదు. అన్నం ముట్టలేదు. "చిన్నాయన నిజంగానే ఆర్పుతాడా?" అని ఒక్కసారి అడిగింది. "చేసుంటే ఆర్పడు, పారిపోతాడు. చూస్తావుండు" అన్నాను.

అతను పారిపోలేదు. గుడి ముందు నీళ్లు కారే పంచెతో వచ్చి నిలబడ్డాడు. పూజారి రాతి మీద కర్పూరం వెలిగించాడు. ఊరి జనం చుట్టూ చేరారు. అతని భార్య బిడ్డను కొంగుతో కప్పుకుని దూరంగా, మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది. నేను ముందు వరుసలోనే ఉన్నాను. అతను కర్పూరం వైపు చూస్తాడా లేదా అని కనిపెడుతున్నాను. నేలచూపులే చూస్తున్నాడు. చూశారా అనుకున్నాను.

అతను చెయ్యి ఎత్తాడు. నా పక్కనుంచి నా కూతురు ముందుకు పోయింది.

"చిన్నాయనా, చెయ్యి పెట్టద్దు. రాళ్లేసింది నేను."

అప్పుడు కూడా నాకు ముందు వచ్చింది అనుమానమే. వీడు నా పిల్లను ఏమని బెదిరించాడో, ఎవరు ఏం నేర్పించి పంపారో అని. చెయ్యి పట్టుకుని వెనక్కి లాగబోయాను. ఆమె రాలేదు.

మా మరిది చెయ్యి దించాడు. "నువ్వా? ఎందుకేసినావు తల్లీ?"

"నీళ్లు యాడుండాయో చూద్దామని. గోనెపట్ట ఇప్పి, రాయి ఏసి చెవి పెడితే బుడుంగుమని వినిపిస్తాది. ముందు బిరీన వినిపిచ్చేది. రాన్రాను ఆలస్యమైతాండాది. ఈ మధ్య ఎంతసేపు చెవి పెట్టినా వినిపియ్యనే లేదు. చిన్నరాయని వినపడలేదేమో అనుకోని పెద్దది ఏసినా. అదే ఇరుక్కోనుంటాది."

"అమ్మనడగాల్సింది గదా."

"అడిగినా. బాగుండాది అనింది. నాయననడిగితే బాగుండాది అనినాడు. అవ్వ కూడా అంతే. నిన్నూ అడిగినా చిన్నాయనా, గట్టు మీద. నువ్వూ బాగుండాది అంటివి. అందరివీ బాగుంటే చెట్లెందుకు కొట్టేస్తాండారు? నాకు ఎవరు చెప్పేదీ నమ్మకం లేదు. రాయి ఒగటే అబద్ధం చెప్పదు."

ఆమెకు కోపం రాలేదు, ఏడుపు రాలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఇన్ని నెలలుగా నా కూతురు పొద్దున్నే పోయి ఆ ఇనుప పైపుకు చెవి ఆనించి, నీళ్లు తన నుంచి దూరంగా పోతుంటే ఒక్కతే వింటూ కూర్చుంది. ఆ తర్వాత బస్సెక్కి కాలేజీకి పోయి, పదేళ్ల తర్వాత ఊరెట్లుంటుంది అని అడిగితే ఏం చెబుతుంది? అబ్బాయి కోసం వెతికిన దాన్ని, కూతురిని చూడలేదు.

కర్పూరం ఎవరూ ఆర్పకుండానే కాలిపోయింది. మా మరిది తడిపంచెతోనే గుడి అరుగు మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టే హక్కు ఉంది అతనికి.

"ఎంతసేపటికి వినిపిచ్చేది?" అని అడిగాడు.

ఆమె అతని వైపు చూసింది. నోటిలో ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిలించి, వేలు ఎత్తి, "అంత" అంది.

"నాది కూడా అంతే ఉండె" అన్నాడు. "నేనూ ఏస్తాంటి తల్లీ. పొద్దున్నే. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు."

అతని భార్య మొహం ఇటు తిప్పింది.

"ఇప్పుడు వేసేది మానేసినా. సంక్రాంతికి ముందే పోయింది నా బోరు. గాలి తప్ప ఏమీ రాదు. పొద్దున కాసేపు మోటారు తిప్పి ఆపేస్తా. మా వదిన వినాలని." అని నా వైపు చూశాడు. "విని కుళ్లుకుంటాది గదా, కుళ్లుకోనీలే అని."

జనంలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అతను నవ్వలేదు. రోజూ నా కడుపు మండించిన ఆ చప్పుడు ఉత్త గాలి చప్పుడు.

అరుగు పక్కన నిలబడిన ఒక ముసలాయన తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, తన బోరు కూడా పోయినట్టేనన్నాడు. ఇంకొకరు, మా ఇంటోళ్లకు చెప్పద్దండప్పా అని మొదలుపెట్టి, వెనకే నిలబడిన ఇంటావిడను చూసి నిలిచిపోయారు. తర్వాత ఒకరొకరే చెప్పారు. కొందరు చెప్పకుండా జారుకున్నారు. చివరికి అందరి చూపులూ నా మీదికి వచ్చాయి.

"మీది ఎట్లుండాది వదినా?" అని మా మరిది అడిగాడు.

నోరు తెరిచాను. అలవాటు చొప్పున "బా" దాకా వచ్చేసింది. కూతురు నా కళ్లలోకి చూడటం లేదు, నా నోటి వైపు చూస్తోంది. రాయి వేసి చెవి పెట్టినప్పుడు అట్లాగే చూస్తుందేమో.

"తగ్గిపోయినాయి" అన్నాను. "కింది వరసలకు నేను నీళ్లు ఇడిసి నెల దాటింది. ఆ చెట్లు దక్కవు. పైవి దక్కుతాయో లేదో తెలియదు. నాకు భయంగా ఉండాది."

భయం అనే మాట నా నోటినుంచి ఊరి ముందు రావడం అదే మొదటిసారి. నా కూతురు అప్పుడు ఏడ్చింది. నన్ను పట్టుకుని, ఇంత ఎత్తు పిల్ల, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "కింది వరసల ఆకులు చూసినాలేమ్మా, నాకు తెలుసులే" అంటూ ఏడ్చింది. ఆ రోజు మధ్యాహ్నం రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి తిని, సాయంత్రం దాకా పడి నిద్రపోయింది.

మోటారు బయటికి వచ్చింది మా మరిది వల్లే. తన బోరు మోటారు ఎత్తడానికి తెచ్చుకున్న గొలుసు కప్పీ మా బోరు మీద బిగించి, గుంజడం మానేసి పైపును మెల్లగా పక్కలకు ఆడించాడు. రాయి కిందికి జారిపోయింది. మోటారు ఒళ్లంతా గీతలు పడి వచ్చింది. బాగుచేయించి మళ్లీ దించేటప్పుడు, పెద్ద పైపు పక్కనే ఒక సన్నటి పైపు కూడా దించమన్నాడు. అందులోనుంచి దారానికి నట్టు కట్టి వదిలితే నీళ్ల మట్టం తెలుస్తుంది, రాళ్లు వేసే పని లేదు. ఈ ఆలోచన అతనికి ఎందుకు వచ్చిందా, మా నీళ్లు కనిపెట్టడానికా అని ఒక పూట ఆలోచించాను. దాచడం లేదు. ఎండిన బోరు ఉన్నవాడు పక్కవాడి మట్టం తెలుసుకుని ఏం చేస్తాడో తేల్చుకోలేక ఊరుకున్నాను.

ఏ చెట్లను వదిలేయాలో, వేటిని నిలబెట్టుకోవాలో నా కూతురే తేల్చింది. తోటంతా నడిచి, ఒక్కో చెట్టు కొమ్మ గిల్లి చూసి, బతికే వాటికి పాత చీర పేలికలు కట్టింది. వదిలేసిన చెట్ల దగ్గర కాసేపు ఎక్కువ నిలబడింది. బతికే వాటి మొదళ్లలో మా మరిది ఇంటినుంచి వేరుశనగ బుడ్డల పొట్టు తెచ్చి పరిచాం, తేమ ఆరిపోకుండా. ఆ పైచెట్ల నీళ్లలోనే ఒక తడి అతని పొలంలో బతికున్న నాలుగు చీనీ చెట్లకు ఇస్తున్నాను. గట్టు గురించి మాత్రం నేను మాట వెనక్కి తీసుకోలేదు. అది జరుగుతూనే ఉంది.

మంగళవారం సాయంత్రం అతనూ నేనూ కలిసి దారం వదులుతాం. ఎంతకు దిగిందో మారెమ్మ అరుగు మీద పైకి చెబుతాం. ఇప్పుడు మరికొందరు కూడా చెబుతున్నారు. వాళ్లు చెప్పేదాంట్లో నిజమెంతో నాకు తెలియదు.

భయం పోయిందా అంటే పోలేదు. ఎండ అట్లాగే ఉంది. వాన ఈ ఏడు కూడా వచ్చినట్టే వచ్చి గుత్తి వైపు పోయింది. నా కూతురు పాసయింది, పైచెట్ల కాయలు అమ్మిన డబ్బుతో అనంతపురంలో డిగ్రీలో చేరి హాస్టల్లో ఉంటోంది. లెక్చరరమ్మకు ఆ మాట చెబుదామని ఫోన్ చేశాను. నేను ముందే చెప్పలేదా అంటుందేమోనని చూశాను. అనలేదు. మంచి మనిషే అయ్యుంటుంది.

ప్రతి మంగళవారం నా కూతురి ఫోన్ వస్తుంది. పోయిన వారం దారం ఎప్పుడూ లేనంత కిందికి దిగింది. ఆ రోజు మా ఆయన కూడా ఊళ్లోనే ఉన్నాడు, దారం చుడుతున్న మా మరిది పక్కన గట్టు మీద నిలబడ్డాడు. "పాపకు రేపు పరీక్ష. కొంచెం తగ్గించి చెప్పు" అన్నాడు. నేను ఫోన్ ఎత్తాను.

"అమ్మా, బోరు ఎట్లుండాది?"

ఎంతకు దిగిందో ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల ఆమె ఆ లెక్కనే మెల్లగా తిరిగి చెప్పుకుంది. మా ఆయన నా వైపు కోపంగా చూస్తున్నాడు.

"సరే" అంది కడకు. "చిన్నాయనకు ఫోనియ్యి."

ఇచ్చాను. అతను అదే మాట చెప్పాడు. ఫోన్ మళ్లీ నా చేతికి వచ్చేసరికి ఆమె గొంతు తేరుకుంది. సెలవులకు వచ్చినప్పుడు ఇంకో వరస ఏది వదలాలో చూద్దామంది. తర్వాత అన్నం తిని చదువుకుంటానంది.

తల్లి మాటకు పక్కపొలంవాడి సాక్ష్యం అడిగే పిల్లను కన్నాను. అడగనీ. నాకు కోపం లేదు. ఆమె నిజంగా అన్నం తిన్నదో లేదో, హాస్టల్లో ఆమె గదిలోనే ఉండే ఇంకో పిల్లకు ఫోన్ చేసి నేను కనుక్కోలేదా ఏంటి? తిన్నదంట.